హోటల్ బుకింగ్‌కి ఇంగ్లీషులో ఫోన్: పేర్లు, తేదీలు, రేట్లు తేడా రాకుండా మాట్లాడేదెలా?

#1 కొత్తఅడ్మిన్

అందరికీ నమస్కారం. హైదరాబాద్ ఆఫీసులో ట్రావెల్ పని చూస్తాను. ఒకటి రెండు రూములైతే యాప్‌లో అయిపోతుంది. ఐదారు రూములు, కంపెనీ రేటు, బిల్లు కంపెనీకే పంపాలి అంటే హోటల్‌కి ఫోన్ చేయక తప్పదు. బెంగళూరు, పుణె, ముంబై, అప్పుడప్పుడు దుబాయ్. మెయిల్ రాయడం వచ్చు. ఫోన్‌లో మాత్రం వాళ్ళు గబగబా చెప్పే రేట్లు, షరతులు చెవికెక్కవు. మన పేర్లకి స్పెల్లింగ్ చెబితే ఇంకేదో రాసుకుంటారు. గ్రామర్ కోర్సు వద్దండీ, ఈ పనికి పనికొచ్చేదే కావాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

#2 ఫ్రంట్‌డెస్క్

ముందు అవతలి మనిషి తెర మీద ఏముంటుందో తెలుసుకోండి, సగం బెరుకు అక్కడే పోతుంది. సాఫ్ట్‌వేర్ ఏదైనా మొదట నింపాల్సింది తేదీలే. వచ్చే రోజు, వెళ్ళే రోజు, ఎన్ని రూములు, రూముకి ఎంతమంది. ఇవి పడితే గానీ ఖాళీ ఉందో లేదో, రేటెంతో కనబడదు. ఆ తర్వాత రూము రకం, భోజనం ప్లాను, అతిథి పేరు, మొబైల్, మెయిల్, డబ్బు ఎవరు కడతారు, ఎన్ని గంటలకు దిగుతారు. మీరూ అదే వరసలో చెప్పండి. “మా డైరెక్టర్ గారు వస్తున్నారు, మంచి రూము కావాలి” అని మొదలుపెడితే అతను మధ్యలో ఆపి తేదీలు అడుగుతాడు, మీరు తడబడేది అక్కడే.

ఆపరేటర్ ఎత్తితే “రిజర్వేషన్స్, ప్లీజ్” అంటే చాలు. వివరమంతా ఆపరేటర్‌కి చెప్పి దండగ, లైన్ కలిపాక మళ్ళీ మొదటినుంచీ చెప్పుకోవాలి. రిజర్వేషన్స్ వచ్చాక:

“గుడ్ మార్నింగ్. దిస్ ఈజ్ సునీత, కాలింగ్ ఫ్రమ్ హైదరాబాద్. ఐ నీడ్ ఫోర్ రూమ్స్, చెకిన్ ట్వెల్త్ మార్చ్, చెకౌట్ ఫోర్టీన్త్ మార్చ్, టూ నైట్స్, సింగిల్ ఆక్యుపెన్సీ.”

ఒక్క గుక్కలో వద్దు. ఒక్కో తేదీ చెప్పి ఆగండి, కీబోర్డు చప్పుడు ఆగాక తర్వాతిది. సింగిల్ ఆక్యుపెన్సీ అంటే రూముకి ఒక్కరే. “టూ నైట్స్” అని తప్పకుండా చేర్చండి. తేదీ పొరపాటుగా వింటే రాత్రుల లెక్క కుదరదు, అతనే మళ్ళీ అడుగుతాడు.

ఇంకొకటి. కంపెనీ రేటు గురించి రాత్రి తొమ్మిదికి ఫోన్ చేయకండి. అప్పుడు ఎత్తేది రిసెప్షన్ వాళ్ళు, రేటు తగ్గించే అధికారం వాళ్ళకుండదు. పగలు ఆఫీసు వేళల్లో రిజర్వేషన్స్ లేదా సేల్స్ వాళ్ళని పట్టుకోండి.

#3 అక్షరాలపంతులు

స్పెల్లింగ్ సంగతి నేను చెబుతాను. మన పేర్లు చెడిపోవడానికి పెద్ద కారణం, అచ్చుతో మొదలయ్యే అక్షరాలకి ముందు మనకి తెలియకుండానే చేరే యకారం. ఎస్‌ని “యెస్” అంటాం. అవతలివాడికి అది ‘అవును’ అన్నట్టు వినిపిస్తుంది, రాసుకోకుండా తర్వాతి అక్షరం కోసం ఎదురుచూస్తాడు. “శ్రీనివాస్”లో చివరి ఎస్ ఎగిరిపోయేది ఇలాగే. ఎన్ “యెన్” అవుతుంది, ఎల్ “యెల్” అవుతుంది, ఓ “వో” అవుతుంది. నోరు తెరిచి నేరుగా ‘ఎ’తో మొదలుపెట్టడం రోజూ కాసేపు సాధన చేయండి.

రెండోది వి, డబుల్యూ. మనం విడిగా పలికినా మాటల్లో రెండూ ‘వ’కారమే. “వెంకటేశ్వర్లు”లో మొదటిది వి, మధ్యలోది ఒక్కొక్కరికి వి, ఒక్కొక్కరికి డబుల్యూ. కార్డు చూసి చెప్పాలి తప్ప గుర్తుమీద చెప్పకూడదు. 

మూడోది మన తప్పు కాదు, లైనుది. పాత పద్ధతి టెలిఫోన్ లైను సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే ధ్వనిని మోస్తుంది. ‘స’ శబ్దంలో బలమంతా అంతకంటే పైన ఉంటుంది, అది తెగిపోతే ఎస్, ఎఫ్ ఒకేలా వినబడతాయి. బి, డి, పి, టి, ఎం, ఎన్ కూడా ఇదే బాపతు. మీ మొబైల్‌లో వోల్టీ (4జీ మీద నడిచే స్పష్టమైన కాల్) ఉన్నా అవతల హోటల్ ఇంటర్‌కామ్ బోర్డు పాతదైతే లాభం లేదు. గట్టిగా అరిచినా తెగినది తిరిగి రాదు. అందుకే అక్షరానికి ఒక మాట జోడించడం.

#4 ఆల్ఫాబ్రావో

ఆ మాటలకి విమానాలవాళ్ళ వరుస నేర్చుకోండి. 1956 నుంచి ప్రపంచమంతా వాడుతున్నది, వేర్వేరు భాషలవాళ్ళ నోట్లో కూడా కలగాపులగం కాకుండా పరీక్షించి ఎంచిన మాటలు:

ఆల్ఫా, బ్రావో, చార్లీ, డెల్టా, ఎకో, ఫాక్స్‌ట్రాట్, గోల్ఫ్, హోటెల్, ఇండియా, జూలియెట్, కిలో, లీమా, మైక్, నవంబర్, ఆస్కార్, పాపా, కెబెక్, రోమియో, సియెరా, టాంగో, యూనిఫామ్, విక్టర్, విస్కీ, ఎక్స్‌రే, యాంకీ, జూలూ.

నాలుగు రోజులు కారు నంబర్ ప్లేట్లు చదువుతూ పోతే వచ్చేస్తుంది.

#5 ఫ్రంట్‌డెస్క్

ఆల్ఫాబ్రావో గారూ, మీ వరుస మంచిదే కానీ మన దేశంలో చాలామంది రిసెప్షన్ పిల్లలకి “కెబెక్” అంటే అర్థం కాదు, అదే క్యూ ఫర్ క్వీన్ అంటే టక్కున రాస్తారు. “లీమా” అంటే దాన్నే పేరనుకుని రాసినా రాస్తారు. ఇక్కడ ఎ ఫర్ యాపిల్ పద్ధతి చాలు. వరుస ఏదైనా రెండు నియమాలు: మాట అందరికీ తెలిసినదై ఉండాలి, మొదటి అక్షరం చెవికి స్పష్టంగా తగలాలి. “వి ఫర్ వైజాగ్” మనకి బాగుంటుంది, లక్నో నుంచి వచ్చిన అమ్మాయికి బాగుండదు. “ఎన్ ఫర్ నైఫ్” లాంటివి అసలే వద్దు, ఆ మాట మొదలయ్యేదే కే అక్షరంతో.

ప్రతి అక్షరానికీ మాట తగిలించక్కర్లేదు కూడా. చిక్కు అక్షరాలకే చాలు: బి, డి, పి, టి, వి, ఎం, ఎన్, ఎస్, ఎఫ్, జి, జెడ్. మూడేసి అక్షరాలు చెప్పి ఆగాలి.

#6 ఆల్ఫాబ్రావో

విదేశాలకి మాత్రం నాదే వాడండి. మిగతాది ఒప్పుకుంటాను.

#7 పన్నుగుమాస్తా

జీఎస్టీ నంబరు ఫోన్‌లో చెప్పేవాళ్ళకి: 15 అక్షరాలు కలిపి చదివితే ఎవరూ సరిగా రాయలేరు. దాని నిర్మాణం ప్రకారం విడగొట్టండి. మొదటి రెండంకెలు రాష్ట్రం కోడ్ (తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37). తర్వాత పది అక్షరాలు పాన్: ఐదు అక్షరాలు, నాలుగంకెలు, ఒక అక్షరం. ఆ పైన ఒక అంకె, ఒక జెడ్, చివర తనిఖీ గుర్తు. అంటే 2, 5, 4, 1, 3గా చదవాలి. కంపెనీ పాన్‌లో నాలుగో అక్షరం సి ఉంటుంది. మీరు “సి” అన్నా అతను “బి” అని తిరిగి చదివితే అక్కడే పట్టుకోవచ్చు. జెడ్‌ని అమెరికా పద్ధతిలో పలికితే జి అని రాస్తారు, “జెడ్ ఫర్ జీబ్రా” అనండి. చెప్పినా చెప్పకపోయినా మెయిల్‌లో పంపడం తప్పనిసరి.

#8 కొత్తఅడ్మిన్

చాలా ఉపయోగం. ఇక రేట్లు. “ఫైవ్ ఫైవ్ ప్లస్ ప్లస్ ఆన్ సీపీ” అని ఒకచోట చెప్పారు. ఇదేం భాషండీ?

#9 ట్రావెల్‌డెస్క్‌అక్క

అది హోటల్ భాష తల్లీ, కాలేజీ ఇంగ్లీషులో దొరకదు. విడదీసి చూడు.

“ఫైవ్ ఫైవ్” అంటే 5,500. హోటల్‌వాళ్ళు వేలని ఇలా కుదించి చెబుతారు. “ప్లస్ ప్లస్” అంటే ఆ రేటు మీద సర్వీస్ ఛార్జి, దానిపైన పన్ను అని అసలు అర్థం. మన దేశంలో సర్వీస్ ఛార్జి లేకుండా ఉత్త పన్నుకే ఆ మాట వాడేవాళ్ళూ ఉన్నారు, కాబట్టి అర్థమైందనుకుని వదిలేయకూడదు. అడగాల్సిన వాక్యం ఒక్కటే: “వాట్ ఈజ్ ద టోటల్ పర్ నైట్, ఇంక్లూడింగ్ ఆల్ టాక్సెస్ అండ్ ఛార్జెస్?”

భోజనం ప్లాన్లు నాలుగు. ఈపీ అంటే ఉత్త రూము. సీపీ అంటే రూము, ఉదయం టిఫిను. ఎంఏపీ అంటే టిఫినుతోపాటు మధ్యాహ్నం లేదా రాత్రి ఒక భోజనం. ఏపీ అంటే మూడు పూటలూ. దుబాయ్, యూరప్ వైపు చివరి రెండింటినీ హాఫ్ బోర్డ్, ఫుల్ బోర్డ్ అంటారు. ఈపీ, ఏపీ ఫోన్‌లో ఒకేలా వినబడతాయి, తేడా మాత్రం మూడు పూటల తిండి! పొట్టి పేరు వాడకుండా “రూమ్ ఓన్లీ”, “విత్ బ్రేక్‌ఫస్ట్” అని విప్పి చెప్పు.

రూము రకంలో ఒక చిక్కు: “డబుల్” అంటే ఇద్దరికి ఒకే పెద్ద మంచం. ఇద్దరు ఇంజనీర్లు పంచుకునేదైతే “ట్విన్ బెడ్స్” అనాలి. “డబుల్ రూమ్” అని బుక్ చేసి పంపిస్తే రాత్రి పదకొండింటికి ఫోన్ నీకే వస్తుంది. ట్విన్ రూములు ఏ హోటల్లోనైనా తక్కువే ఉంటాయి గనుక “కెన్ యు గ్యారంటీ ట్విన్ బెడ్స్, ఆర్ ఈజ్ ఇట్ ఆన్ రిక్వెస్ట్?” అని అడుగు. ఆన్ రిక్వెస్ట్ అంటే మాట ఇవ్వలేదని అర్థం.

#10 హలోహలో

పన్ను 12 శాతం కలుపుకుంటే సరిపోతుంది కదా, అడగడం ఎందుకు?

#11 పన్నుగుమాస్తా

2025 సెప్టెంబర్ 22 నుంచి మారింది. రోజుకి 7,500 రూపాయల దాకా ఉన్న రూముకి 5 శాతం, ఆ పైన 18 శాతం. కాబట్టి 7,400 రూముకీ 7,600 రూముకీ చేతికి తగిలే తేడా రెండొందలు కాదు: మొదటిది 7,770, రెండోది 8,968. బేరం ఆడేటప్పుడు ఇది గుర్తుంటే “కెన్ యు బ్రింగ్ ఇట్ డౌన్ టు సెవెన్ ఫైవ్?” అని అడగడానికి కారణం దొరుకుతుంది.

ఇంకో మాట, ఇంగ్లీషుకి సంబంధం లేకపోయినా: బెంగళూరు హోటల్ బిల్లులో పడేది కర్ణాటక జీఎస్టీ. తెలంగాణ రిజిస్ట్రేషన్ మీద ఆ క్రెడిట్ (అక్కడ కట్టిన పన్నుని మనం కట్టాల్సినదాంట్లో తగ్గించుకోవడం) రాదు. 5 శాతం రూములకైతే హోటల్‌కే ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. అయినా బిల్లు మీద కంపెనీ పేరు, నంబరు పడాలి, లెక్కలవాళ్ళు అడుగుతారు.

#12 అక్షరాలపంతులు

అంకెల సంగతి పూర్తి చేద్దాం. 13-30, 15-50, 16-60 జంటలు. “టీన్” ఉన్న మాటలో బరువు చివర పడాలి: ఫిఫ్‌టీఈన్. “టీ” ఉన్నదాంట్లో మొదట పడాలి, చివర చిన్నది: ఫిఫ్టి. తెలుగులో ఇలా ఒక అక్షరం మీదే బరువు వేసే అలవాటు లేదు, అన్నీ సమానంగా పలుకుతాం, అందుకే అవతలివాళ్ళకి తేడా తెలియదు. పలుకు కుదిరేదాకా అంకెలు విడదీయండి: “ఫిఫ్టీన్, వన్ ఫైవ్.” వాళ్ళు చెప్పినప్పుడూ అంతే: “ఈజ్ దట్ వన్ ఫైవ్ ఆర్ ఫైవ్ జీరో?”

“డబుల్ ఫోర్ ఫోర్” లాంటివి మానేయండి. డబుల్, ట్రిపుల్ మన దగ్గర, బ్రిటన్‌లో చెల్లుతాయి. అమెరికాలో అంకెల్ని విడిగానే చెబుతారు. సున్నాని “ఓ” అంటే అక్షరం అనుకునే ప్రమాదం బుకింగ్ నంబర్లలో ఎక్కువ, వాటిలో అక్షరాలూ అంకెలూ కలిసే ఉంటాయి. జీరో అనండి.

తేదీకి నెల పేరు చెప్పాలి. 5/6 అంటే మనకి జూన్ ఐదు, అమెరికావాళ్ళకి మే ఆరు. “నెక్స్ట్ ఫ్రైడే” అసలే వద్దు, వచ్చే శుక్రవారమా ఆపై వారమా అన్నది ఇంగ్లీషువాళ్ళకే తగువు. వారం, తేదీ రెండూ కలపండి: “ఫ్రైడే, ద థర్టీన్త్ ఆఫ్ మార్చ్.” రెండూ పొసగకపోతే ఎవరో ఒకరు పట్టుకుంటారు. పన్నెండు గంటలకి ఏఎం, పీఎం వాడకుండా నూన్, మిడ్‌నైట్ అనండి.

#13 షార్జానుంచి

దుబాయ్ గురించి అడిగారు కదా. అక్కడి హోటళ్ళలో ఎత్తేవాళ్ళు చాలావరకు ఫిలిప్పీన్స్, కేరళ, నేపాల్, ఈజిప్టు వాళ్ళు. వాళ్ళకీ ఇంగ్లీషు రెండో భాషే, కాబట్టి మన యాస గురించి దిగులు అక్కర్లేదు. పొట్టి వాక్యాలు చాలు. అయితే ఇండియన్ ఇంగ్లీషు మాటలు కొన్ని అక్కడ ఆగిపోతాయి. “ప్రీపోన్” అంటే అర్థం కాకపోవచ్చు, “కెన్ వి మూవ్ ద బుకింగ్ ఎ డే ఎర్లియర్?” అనండి. లక్షలు పనికిరావు. “అవుట్ ఆఫ్ స్టేషన్” పనికిరాదు.

రేటు అడిగేటప్పుడు “డజ్ ఇట్ ఇంక్లూడ్ ద టూరిజం దిర్హమ్?” అని విడిగా అడగాలి, అది అక్కడి పర్యాటక రుసుము. హోటల్ స్థాయిని బట్టి రూముకి, రాత్రికి 7 నుంచి 20 దిర్హాముల దాకా ఉంటుంది, చాలాచోట్ల కౌంటర్లో అతిథి దగ్గరే తీసుకుంటారు. డిపాజిట్ కూడా అంతే: “ఈజ్ దేర్ ఎ సెక్యూరిటీ డిపాజిట్ ఎట్ చెకిన్, క్యాష్ ఆర్ కార్డ్?” ఇది అడగకపోతే మనిషి అక్కడ కౌంటర్ ముందు నిలబడి పోవాలి.

పేరు విషయంలో, “లాస్ట్ నేమ్?” అంటే పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడిలో ఉన్నదే చెప్పాలి, మనం పిలుచుకునేది కాదు. మనవాళ్ళకి అక్కడ ఇంటిపేరు ఉంటుంది. ఆఫీసులో అందరూ “రమణ గారు” అంటారని రమణ పేరు మీద బుక్ చేస్తే, పాస్‌పోర్ట్ చూసి వెతికిన రిసెప్షన్‌కి బుకింగ్ కనబడదు.

ఐవీఆర్‌లో (బటన్లు నొక్కమని చెప్పే రికార్డు గొంతు) “హ్యాష్ కీ” అని మన దగ్గర అనేదాన్ని అమెరికా లైన్లలో “పౌండ్ కీ” అంటారు. రెండూ ఒకే బటన్.

#14 హలోహలో

తెలుగులోంచి దిగుమతి అయ్యే వాక్యాల జాబితా ఎవరూ వేయలేదు, నేను వేస్తాను. ఎత్తగానే “టెల్ మీ” అనడం: మన “చెప్పండి”లో ఉన్న మర్యాద అందులో రాదు, హుకుంలా ఉంటుంది. హోటల్ నుంచి వాళ్ళే తిరిగి ఫోన్ చేస్తే “యెస్, థాంక్స్ ఫర్ కాలింగ్ బ్యాక్” అనండి. “రూమ్ ఈజ్ దేర్?” బదులు “డు యు హావ్ ఎ రూమ్ అవైలబుల్?” “మైసెల్ఫ్ సునీత” బదులు “దిస్ ఈజ్ సునీత.” “ఐ విల్ కీప్ ద ఫోన్” అంటే ఫోను నేనే ఉంచేసుకుంటానని అర్థం, ముగించడానికి “థాంక్యూ, దట్స్ ఆల్” చాలు. “సార్ ఈజ్ నాట్ దేర్” కన్నా “హి ఈజ్ నాట్ ఎట్ హిస్ డెస్క్” నయం.

#15 ట్రావెల్‌డెస్క్‌అక్క

“మైసెల్ఫ్” అన్నందుకు ఏ హోటలూ రూము ఇవ్వకుండా ఉండదు నాయనా. మిగతావి ఒప్పుకుంటా. దానికంటే ముందు దిద్దుకోవాల్సింది, అర్థం కాకపోయినా “ఓకే ఓకే” అనడం. ఫోన్‌లో ఓకే అంటే షరతు ఒప్పుకున్నట్టే.

#16 కొత్తఅడ్మిన్

అదే నా జబ్బు అక్కా. “వాట్?” అంటే బాగోదు, “సారీ?” అంటే మళ్ళీ అదే వేగంతో చెబుతారు.

#17 అక్షరాలపంతులు

మొత్తం మళ్ళీ చెప్పమని అడగకండి, మొత్తం మళ్ళీ అదే వేగంతో వస్తుంది. అందిన ముక్క మీరు చెప్పి, అందని ముక్క దగ్గర ఆగండి. “యు సెడ్ ఫ్రీ క్యాన్సిలేషన్ అంటిల్...?” అని గొంతు పైకి లేపి వదిలేస్తే వాళ్ళు ఆ ఖాళీనే నింపుతారు. అంకె అయితే “సారీ, ద రేట్ అగైన్, డిజిట్ బై డిజిట్?” మాట తెలియకపోతే “వాట్ డజ్ రిటెన్షన్ మీన్ హియర్?” అని అడగడంలో చిన్నతనం లేదు, ఇంగ్లీషువాళ్ళూ అడుగుతారు.

#18 ఫ్రంట్‌డెస్క్

ఆ రిటెన్షన్ సంగతి: రూము రద్దు చేసినా, రాకపోయినా హోటల్ అట్టిపెట్టుకునే డబ్బు. దీనితోపాటు వినబడే మాటలు. “టెంటెటివ్” అంటే రూము పేరుకి పక్కన పెట్టారు, ఒక గడువు దాటితే వదిలేస్తారు. “అంటిల్ వెన్ విల్ యు హోల్డ్ ఇట్?” అని గడువు అడగండి. చాలాచోట్ల వచ్చే రోజు సాయంత్రం ఆరు. “గ్యారంటీడ్” అంటే కార్డో, అడ్వాన్సో, కంపెనీ లెటరో ఇచ్చారు, అర్ధరాత్రి వచ్చినా రూము ఉంటుంది. రాకపోతే సాధారణంగా ఒక రాత్రి డబ్బు పోతుంది. “24 అవర్స్ ప్రయర్” అంటే వచ్చే రోజు చెకిన్ సమయానికి 24 గంటల ముందా, ముందు రోజు ఫలానా గంటలోపా అన్నది ప్రతి హోటల్‌కీ వేరు. “సో ద లాస్ట్ టైమ్ టు క్యాన్సిల్ ఈజ్ వెడ్నెస్‌డే, టూ పీఎం. కరెక్ట్?” అని వారం, గంట చెప్పి ఖాయం చేసుకోండి.

కంపెనీ బిల్లుకి “బిల్ టు కంపెనీ” అంటారు, లోపల బీటీసీ. “రూమ్ అండ్ బ్రేక్‌ఫస్ట్ బిల్ టు కంపెనీ, ఎక్స్‌ట్రాస్ డైరెక్ట్ ఫ్రమ్ గెస్ట్” అని చెప్పకపోతే లాండ్రీ, మినీబార్ కూడా మీ బిల్లులోకి వస్తాయి.

బేరానికి “టూ మచ్ కాస్ట్లీ” పని చేయదు. రూముల సంఖ్య ముందు పెట్టండి: “ఫర్ ఫోర్ రూమ్స్ అండ్ టూ నైట్స్, వాట్స్ ద బెస్ట్ యు కెన్ డు?” రేటు దిగకపోతే టిఫినో, ఎయిర్‌పోర్ట్ కారో, ఆలస్యంగా చెకౌటో అడగండి. రేటు కట్టేసి ఉన్నా వీటికి చాలాసార్లు సరే అంటారు.

చివర్లో మీరే మొత్తం తిరిగి చదవాలి, “లెట్ మి రీడ్ దట్ బ్యాక్ టు యు” అని. తేదీలు, రాత్రులు, రూములు, పన్నుతో కలిపి రేటు, భోజనం, రద్దు గడువు. ఆపైన “మే ఐ హావ్ యువర్ నేమ్ అండ్ ద కన్ఫర్మేషన్ నంబర్?” మెయిల్ వచ్చేదాకా ఆ బుకింగ్ ఉన్నట్టు లెక్క కాదు.

కార్డు నంబరు, వెనక మూడంకెలు, ఓటీపీ ఫోన్‌లో ఎవరడిగినా ఇవ్వకండి. “ప్లీజ్ సెండ్ ఎ పేమెంట్ లింక్ టు మై అఫీషియల్ మెయిల్” అనండి. నెట్‌లో దొరికిన హోటల్ నంబర్లలో నకిలీవి ఉంటాయి, హోటల్ సొంత సైట్‌లోదే వాడండి.

#19 ఆల్ఫాబ్రావో

సాధన ఎలాగో కూడా చెబుదాం. ఇద్దరు కావాలి, వేర్వేరు గదుల్లో కూర్చుని నిజంగానే ఫోన్ చేసుకోవాలి. ఎదురెదురుగా కూర్చుంటే పెదవులు చూసి అర్థం చేసుకుంటాం, అది మోసం. ఒకరు పది పేర్లు, ఐదు జీఎస్టీ నంబర్ల లాంటివి, ఐదు రేట్లు, ఐదు తేదీలు చదవాలి. రెండోవారు రాయాలి. తర్వాత కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఏ అక్షరం తడబడుతుందో దానంతటదే తేలుతుంది. రెండో వారం నుంచి వినేవారు కావాలని అడ్డు తగలాలి: “వి ఆర్ సోల్డ్ అవుట్ ఆన్ ద థర్టీన్త్”, “దట్ రేట్ ఈజ్ నాన్-రిఫండబుల్.” ఆ అడ్డంకికి జవాబు చెప్పడమే అసలు పరీక్ష. ఒకే కాగితం మీద ఫ్రంట్‌డెస్క్ గారి వరస రాసి ఫోన్ పక్కన అతికించుకోండి.

#20 కొత్తఅడ్మిన్

మొదలుపెట్టేశాను. ఒక్క సందేహం మిగిలింది. ఫ్లైటు 15వ తేదీ తెల్లవారుజామున ఒంటిగంటన్నరకి దిగుతుంది. చెకిన్ ఏ తేదీ చెప్పాలి?

#21 ట్రావెల్‌డెస్క్‌అక్క

14. హోటల్ రోజు మధ్యాహ్నం రెండుకి మొదలవుతుంది. 15 అని చెబితే మనిషి లాబీలో పదకొండు గంటలు కూర్చోవాలి. “ప్లీజ్ బుక్ ఫ్రమ్ ద ఫోర్టీన్త్. ద గెస్ట్ విల్ అరైవ్ ఆఫ్టర్ మిడ్‌నైట్, అరౌండ్ త్రీ ఏఎం ఆన్ ద ఫిఫ్టీన్త్. ప్లీజ్ డోంట్ మార్క్ ఇట్ నో-షో.” చివరి వాక్యం తప్పకుండా చెప్పు (నో-షో అంటే అతిథి రాలేదని రాసుకోవడం), మెయిల్‌లో కూడా రాయమను.

#22 ఫ్రంట్‌డెస్క్

ఫ్లైటు నంబరు కూడా ఇవ్వండి. ఆలస్యమైతే రాత్రి డ్యూటీవాళ్ళు చూసుకుంటారు.